మూలికల బీరు: నిమ్మగడ్డి, తులసి రైతులకు సూచనలు

బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ కూడా ఒక మూలికే. హాప్స్ వాడకం స్థిరపడక ముందు యూరప్‌లో రకరకాల మూలికలు వేసి బీరు తయారు చేసేవారు. మూలికల్లోని సుగంధ తైలాలు, పాలీఫినాల్స్ కొంతవరకు బీరులోకి దిగుతాయి. నిమ్మగడ్డి తైలంలో సిట్రాల్, తులసి తైలంలో యూజినాల్ ముఖ్యమైనవి.

హాప్స్ చేదు బాగా దిగాలంటే సుమారు గంటసేపు మరిగిస్తారు. నిమ్మగడ్డి, తులసిని అలా మరిగిస్తే వాసన ఆవిరైపోతుంది. అందుకే వాటిని మరిగించడం ఆపే ముందు చివరి 5 నిమిషాల్లో గానీ, పులిసిన తర్వాత గానీ వేస్తారు. అంటే ఆకులో తైలం నిలిచి ఉంటేనే సరుకుకు విలువ.

రైతులు పాటించవలసినవి:

• ఆకును ఎండలో కాక, నీడలో పలుచగా పరిచి ఆరబెట్టాలి.
• ఆకు పెళుసుగా విరిగే వరకు ఆరాకే గాలి చొరబడని సంచుల్లో నింపాలి. చెమ్మ ఉంటే బూజు పడుతుంది.
• పురుగుమందు చల్లితే, డబ్బాపై సూచించిన గడువు ముగిసే వరకు కోయరాదు.
• నాటే ముందే కొనుగోలుదారుతో పరిమాణం, ధర ఖరారు చేసుకోవాలి.

గమనిక: మూలిక కలిపినంత మాత్రాన బీరు మందు కాదు, ఆల్కహాల్ వల్ల కలిగే హాని అలాగే ఉంటుంది. ‘ఆరోగ్య బీరు’ అనే ప్రచారం నమ్మి సాగు విస్తీర్ణం పెంచవద్దు. లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం తెలుగు రాష్ట్రాల్లో నేరం.