ఆయిల్ ప్రెషర్ నిర్ధారణ: బూర్డాన్ గేజి నుంచి డీజిల్ పికప్ దాకా

ఇంజిన్ ఆయిల్ పీడనాన్ని కొలిచే సాధనం, ఆ పీడనం పని ఏమిటో తేలకముందే పుట్టింది. ఫ్రెంచి ఇంజనీరు యూజెన్ బూర్డాన్ 1849లో పేటెంటు పొందిన గేజి ప్రధానంగా ఆవిరి యంత్రాలకు ఉపకరించింది. వంచిన చదును గొట్టంలోకి పీడనం చేరగానే అది నిటారు కావడానికి ప్రయత్నించడం, ఆ కదలికతో ముల్లు తిరగడం దాని సూత్రం. 1883లో బ్రిటన్‌లో బీచమ్ టవర్ అనే ఇంజనీరు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, బేరింగు పైభాగాన పెట్టిన రంధ్రంలోంచి ఆయిల్ పైకి తన్నుకురావడం, బిగించిన బిరడాను సైతం బయటికి నెట్టివేయడం గమనించి, అక్కడ చదరపు అంగుళానికి 200 పౌండ్ల దాకా చూపే గేజిని అమర్చగా ముల్లు ఆ హద్దునూ దాటింది. తిరిగే ఇరుసును లోహానికి తగలకుండా మోసేది పలుచని ఆయిల్ పొర అని దీనితో తేలగా, 1886లో శాస్త్రవేత్త ఆస్బర్న్ రెనాల్డ్స్ దానికి గణిత సిద్ధాంతాన్ని సమకూర్చాడు.

1890లో ఆల్బర్ట్ చార్లెస్ పెయిన్ ఆవిరి ఇంజిన్లకు పంపుతో ఆయిల్ అందించే పద్ధతికి పేటెంటు పొందినా, 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీ కారు తిరిగే భాగాలు చిమ్మే ఆయిల్‌తోనే నడిచింది. భారీ డీజిల్ ఇంజిన్లకు మాత్రం పంపు తప్పనిసరి అయింది.

పంపు పంపేది ప్రవాహాన్నే. దానికి బేరింగుల సందులు ఇచ్చే అడ్డే గేజి మీద పీడనంగా కనిపిస్తుంది. అందువల్ల ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు పీడనం బాగుండి, వేడెక్కి పలుచబడ్డాక మరీ పడిపోతే, అరిగిన బేరింగులను అనుమానించాలి. 1989లో డాడ్జ్ పికప్‌లలోకి వచ్చిన కమిన్స్ 5.9 లీటర్ల ఇంజిన్‌కు, వేడెక్కాక ఐడిల్‌లో చదరపు అంగుళానికి 10 పౌండ్లు, పూర్తి వేగంలో 30 పౌండ్లు కనీస పీడనాలు.

అయితే 1980ల చివరి నుంచి ఫోర్డ్ పికప్‌ల డాష్‌బోర్డు ముల్లు నిజమైన పీడనాన్ని కొలవడం మానేసింది; ఇంజిన్ మీది ఆయిల్ ప్రెషర్ స్విచ్చి మూసుకునేంత స్వల్ప పీడనం ఉంటే చాలు, ముల్లు మధ్యలో నిలబడేది. కనుక మెకానిక్ మొదట డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూసి, తర్వాత స్విచ్చి స్థానంలో బూర్డాన్ గొట్టం గల గేజిని బిగించి, వేడి ఇంజిన్ మీద అసలు పీడనాన్ని నిర్ధారిస్తాడు. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే, ఫీడ్ పంపు పొర చిరిగి డీజిల్ ఆయిల్‌లో కలిసి ఉండవచ్చు. ఈ రెండు పరీక్షల తర్వాతే, అధిక పీడనాన్ని వదిలే రిలీఫ్ వాల్వు, ఆయిల్ నిలిచే చాంబరు అడుగున దాన్ని పీల్చే జల్లెడ, పంపు, చివరగా బేరింగులు అన్న క్రమం అనుసరించడం సముచితం.

డాష్‌బోర్డు ముల్లు పడిపోయిందని వెంటనే ఇంజిన్ విప్పడం, నిలకడగా ఉందని ధీమాగా బండి నడపడం రెండూ పొరపాట్లే. వేరే గేజితో సరిచూసుకోని నిర్ధారణ ఊహ మాత్రమే.