గుర్రానికి తోలు చెప్పులు: ఒక పచ్చిక చరిత్ర



ఆటల చరిత్ర రాస్తున్నానని చెప్పగానే ఒక తమ్ముడు అడిగాడు: "కబడ్డీ ఉంది, హాకీ ఉంది, ఈ దొరల క్రోకే మనకెందుకన్నా?" ఎందుకంటే క్రోకే ఆట కన్నా ముందు ఒక నేల. ఆ నేలను చదును చేసింది ఎవరు, దాని మీద ఆడింది ఎవరు అన్నది మన ప్రశ్నే.

ముందు ఆ లాన్ ఎలా వేస్తారో చెప్తాను. పొడవు 35 గజాలు, వెడల్పు 28 గజాలు. మూలలు మట్టానికి రావడానికి తాడుతో 3, 4, 5 పాళ్ళ త్రిభుజం పట్టుకుంటే చాలు. మన మేస్త్రీలు ఇంటికి ముగ్గు పోసేటప్పుడు చేసే పనే అది. నట్టనడుమ 18 అంగుళాల ఎత్తున ఒక కొయ్య గుంజ పాతుతారు. గుంజకు అటూ ఇటూ 7 గజాల దూరంలో రెండు ఇనుప కమానులు, నాలుగు మూలల్లో హద్దుల నుంచి 7 గజాలు లోపలికి మరో నాలుగు. కమాను ఎత్తు 12 అంగుళాలు. బంతులు నాలుగు: నీలం, ఎరుపు, నలుపు, పసుపు. ఒక్కోటి ఒక పౌను బరువు. పొడుగు పిడి ఉన్న కొయ్య సుత్తితో బంతిని కొడుతూ ఆరు కమానులనూ రెండేసి సార్లు దాటించి, చివరికి గుంజకు తాకించాలి.

కిటుకంతా కమాను వెడల్పులో ఉంది. బంతి కన్నా అది ఓ ఎనిమిదో వంతు అంగుళం మాత్రమే ఎక్కువ. నేల కాస్త మిట్టగా ఉన్నా, గడ్డి కాస్త పెరిగినా బంతి పక్కకు పోతుంది. అంటే ఆడేవాడి చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా, తెల్లవారుజామున ఆ గడ్డి కోసినవాడి చెయ్యి అంతకన్నా నిలకడగా ఉండాలి.

ఈ ఆట 1850లలో ఐర్లండ్ నుంచి ఇంగ్లండ్‌కు వచ్చింది. లండన్‌లో జాన్ జేక్స్ కంపెనీ సుత్తులు, బంతులు, కమానులు కలిపి సెట్లుగా అమ్మింది. ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి ఆరుబయట ఆడిన తొలి ఆటల్లో ఇదొకటి. ఆ మంచి దానికి దక్కాల్సిందే. కానీ ఆ సామాను పెట్టె తెరిచి చూడండి. సుత్తి తలలకు వాడిన గట్టి కర్రల్లో లిగ్నమ్ వైటే ఒకటి. నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువు. కరీబియన్ దీవుల చెట్టు. ఆ దీవుల్లోని బ్రిటిష్ తోటల్లో ఆఫ్రికన్ల బానిసత్వం పూర్తిగా పోయింది 1838లో. అప్పటికి క్రోకే మోజు ఇంకా ఇరవై ఏళ్ళ దూరంలో ఉంది, అంతే.

ఇక గడ్డి. యంత్రం రాకముందు మంచు తడి ఆరకముందే కూలీలు పొడుగు కొడవళ్ళతో కోసేవాళ్ళు. కోసిన గడ్డి ఊడ్చి ఎత్తే పని ఎక్కువగా ఆడవాళ్ళది. 1830లో స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని మిల్లుల్లో బట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి అతనికొచ్చిన ఆలోచన అది. తర్వాత పెద్ద యంత్రాలనూ రోలర్లనూ గుర్రాలతో లాగించారు. డెక్కల గుర్తులు పడి పచ్చిక పాడవకుండా ఆ గుర్రాల కాళ్ళకు తోలు చెప్పులు తొడిగారు.

ఇది చదివి నేను చాలాసేపు ముందుకు పోలేకపోయాను. మన ఊళ్ళల్లో మాదిగవాడు కుట్టిన చెప్పు ఊరందరి కాళ్ళకూ ఎక్కింది. కుట్టినవాడు మాత్రం పెద్దకులాల వీధి వచ్చేసరికి తన చెప్పులు విడిచి చేతబట్టుకోవాలి. ఇంగ్లండ్ కూలీ బతుకూ మన బతుకూ ఒకటేనని నేననను. అతను ఊరు మారితే వెంట రావడానికి కులం లేదు. అయినా గడ్డికున్న మర్యాద ఆ కూలీకి అక్కడా లేదు.

1864లో వింబుల్డన్‌లో ఎర్ల్ స్పెన్సర్ ఊరుమ్మడి భూమికి కంచె వేసుకోవాలని చూశాడు. జనం ఎదురు తిరిగారు. 1871లో చట్టం వచ్చి ఆ భూమి అందరిదిగా నిలిచింది. సరిగ్గా ఆ గొడవ నడుస్తుండగానే, 1868లో పుట్టిన ఆల్ ఇంగ్లండ్ క్రోకే క్లబ్ అదే వింబుల్డన్‌లో వర్పుల్ రోడ్డున 4 ఎకరాలు అద్దెకు తీసుకుంది. కొన్నేళ్ళకే క్రోకే మోజు తగ్గింది. నేల సిద్ధంగా ఉంది కదా, 1875లో టెన్నిస్‌కు చోటిచ్చారు. 1877లో మొదటి టెన్నిస్ పోటీ పెట్టారు. దేనికి? గుర్రం లాగే రోలర్ పాడైంది, దాన్ని బాగుచేయించడానికి డబ్బులు కావాలి. ఇవాళ మనం టీవీలో చూసే వింబుల్డన్ అలా మొదలైంది.

1865లో వచ్చిన ఆలిస్ కథలో రాణిగారి క్రోకే మైదానం గుర్తుందా? అక్కడ కమానులు ఇనుపవి కావు. సైనికులు నడుము వంచి, చేతులూ కాళ్ళూ నేలకానించి కమానులుగా నిలబడతారు. పక్కనే తోటమాలులు తల పోతుందన్న భయంతో తెల్ల గులాబీలకు ఎర్ర రంగు పూస్తుంటారు. పిల్లల కథలో నవ్వు కోసం రాసిందే. కానీ ఆ ఆటలో పనివాళ్ళు కనపడేది, నాకు తెలిసి, అక్కడే.

తెల్లదొరలు ఈ పచ్చికల అలవాటును మన కంటోన్మెంట్లకూ, జింఖానాలకూ తెచ్చుకున్నారు. ఆట మారినా నేల పని అదే: ఊడ్వాలి, రోలర్ లాగాలి, గీతలు గీయాలి. పుణెలో ఆ పని చేసినవాళ్ళలో పల్వంకర్ బాలూ ఒకడు. చమార్ కులం, అంటే తోలు పని చేసిన కులమే. పార్సీల క్లబ్బులో పిచ్ ఊడ్చి రోలర్ లాగినందుకు నెలకు 3 రూపాయలు, తర్వాత తెల్లవాళ్ళ జింఖానాలో 4 రూపాయలు. అక్కడే దొరలకు నెట్స్‌లో బంతులు వేస్తూ గొప్ప స్పిన్నర్ అయ్యాడు. బ్యాటు మాత్రం ఇవ్వలేదు. హిందువుల జట్టు తమ గెలుపు కోసం అతన్ని తీసుకుంది. టీ మాత్రం బయట నిలబెట్టి మట్టి ముంతలో పోసింది. 1911లో ఇంగ్లండ్ వెళ్ళి అక్కడి పచ్చికల మీద వందకు పైగా వికెట్లు తీసి వచ్చాడు. అయినా హిందువుల జట్టు అతన్ని కెప్టెన్‌గా ఒప్పుకోలేదు. ఆ పదవి 1923లో అతని తమ్ముడు విఠల్‌కు దక్కింది. ఎన్ని పేచీల తర్వాత దక్కిందో వచ్చే వారం రాస్తాను.

జై భీమ్.