ఫిజియోథెరపిస్టు: చదువు, వృత్తి

భారతదేశంలో ఫిజియోథెరపీ చదువుకు దారి వేసింది పోలియో. ఆ వ్యాధి బొంబాయిని పీడిస్తున్న రోజుల్లో, 1953లో, అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో ఫిజియోథెరపీ శిక్షణ మొదలైంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ బైపీసీ తర్వాత ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీలో చేరతారు. చాలాకాలం పాటు ఉన్న పద్ధతి నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. కళాశాలలకు విజయవాడలోని ఎన్టీఆర్, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల గుర్తింపు ఉంటుంది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ కోర్సు ఉంది. అనాటమీ, ఫిజియాలజీలతో మొదలై బయోమెకానిక్స్, వ్యాయామ చికిత్స, ఎలక్ట్రోథెరపీల మీదుగా చదువు వార్డులకు చేరుతుంది. అసలు శిక్షణ అక్కడే: పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద లేపి కూర్చోబెట్టడం, మోకీలు మార్పిడి జరిగిన కాలిని మడిపించడం, ఐసీయూలో ఊపిరితిత్తుల్లోని కఫాన్ని కదిలించడం. ఈ చివరి పని సంగతి బయటివాళ్లకు తెలిసింది తక్కువ.

రెండేళ్ల పీజీ కోర్సు ఎంపీటీలో ఆర్థో, న్యూరో, క్రీడల వంటి విభాగాలు ఎంచుకోవచ్చు. ఆసుపత్రి ఉద్యోగం, సొంత క్లినిక్, ఇళ్లకు వెళ్లి చేసే వైద్యం, అధ్యాపకత్వం ప్రధాన ఉపాధి మార్గాలు. వృత్తి నియంత్రణకు కేంద్ర చట్టం 2021లో గానీ రాలేదు.

అమెరికాలో ఈ వృత్తికి ఇప్పుడు ప్రవేశార్హత డాక్టరేట్ స్థాయి డీపీటీ. ఇక్కడి పట్టాతో వెళ్లేవారు చదువు సమానత నిరూపించుకుని, అక్కడి జాతీయ ఫిజియోథెరపీ పరీక్ష ఎన్‌పీటీఈ నెగ్గి, రాష్ట్ర లైసెన్సు పొందాలి.