గని కింద సిమెంటు ఎంతకాలం నిలుస్తుంది?

కోలారు జిల్లా అనగానే అందరికీ బంగారమే గుర్తొస్తుంది. ఆ బంగారం తవ్వేటప్పుడు నెత్తిమీది బండ కూలకుండా ఏది ఆపేది? ఈ ప్రశ్న నాకు వచ్చింది. చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడి గనుల పని చేపట్టింది. మొదట్లో బండకు కొయ్య దూలాలు ఆనించేవారు. కొయ్య పుచ్చిపోతుంది, నిప్పంటుకుంటుంది, బరువుకు నలిగిపోతుంది. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడికి బండ ఒక్కసారిగా పేలినట్టు పగిలేది. దీన్ని రాక్ బర్స్ట్ అంటారు. పాతకాలం గనివాళ్లు ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. ఎందరో కార్మికులు ఇట్లా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకని గ్రానైట్ రాళ్లతో గోడలు పేర్చారు. తర్వాత కాంక్రీటు కూడా వచ్చింది. చాంపియన్ రీఫ్ గని చివరికి 3 కిలోమీటర్ల లోతు దాటింది.

బండలో పగుళ్లుంటే గోడ ఒక్కటే చాలదు. సిమెంటును నీళ్లలో పల్చగా కలిపి, పంపుతో ఆ పగుళ్లలోకి ఎక్కిస్తారు. దీనికి గ్రౌటింగ్ అని పేరు. గనుల్లోనూ ఆనకట్టల కిందా ఈ పని చేస్తారు. అది గట్టిపడితే నీళ్లు కారడం తగ్గుతుంది, పగిలిన బండ ఒకటిగా పట్టుకుంటుంది.

సిమెంటు ఒకసారి రాయి అయితే ఇంక భయం లేదని మనం అనుకుంటాం. కానీ అట్లా కాదు. పారే నీళ్లు అందులోని సున్నాన్ని కొంచెం కొంచెంగా కరిగించి తీసుకుపోతాయి. నీళ్లలో సల్ఫేట్ లవణాలు ఎక్కువుంటే సిమెంటు లోపల కొత్త స్ఫటికాలు పుట్టి, అది ఉబ్బి పగులుతుంది. కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువ పోస్తే సన్నని రంధ్రాలు మిగిలి, ఈ చెడుపు తొందరగా లోపలికి పోతుంది. బండ కదిలితే గట్టిపడిన సిమెంటు కూడా బీటలు వారుతుంది. దిట్టంగా కలిపి, బాగా నింపి, నీళ్లు పారకుండా ఉంటే మాత్రం చాలా ఏళ్లు ఉంటుంది.

గని నడిచినంతకాలం చూసుకునేవాళ్లు ఉండేవారు, బీట కనిపిస్తే బాగుచేసేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. పంపులు ఆగి లోపల నీళ్లు నిండాయి. తర్వాత కూడా కేజీఎఫ్‌లో నేల అదరడం పూర్తిగా ఆగలేదు. ఇప్పుడు లోపలి గోడలను దిగి చూడలేం, పైన మాత్రం జనం కాపురం ఉన్నారు.

అందుకే నేను కోరేది ఒకటి. ఎక్కడ తవ్వారో, ఎక్కడ ఏ గోడ కట్టారో చెప్పే పాత గని పటాలను జాగ్రత్తగా దాచాలి. అక్కడ కొత్త ఇల్లు కట్టేవాళ్లు ముందుగా వాటిని చూడాలి. గనిలో పనిచేసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లకు తెలిసింది మనం ఇప్పుడే అడిగి రాసుకోవాలి.