విశాఖపట్నం: రేవు, ఉక్కు, నిర్వాసితులు – ఒక చారిత్రక పరిశీలన

విశాఖపట్నం ఆధునిక చరిత్రను సంస్థల ప్రారంభోత్సవాల వరుసగా చెప్పడం పరిపాటి. ఆ సంస్థలు నిలిచిన నేలనూ, ఆ నేలను విడిచిన ప్రజలనూ కలిపి చూసినప్పుడే ఈ నగర చరిత్ర సమగ్రమవుతుంది.

విశాఖ రేవు కొంత ప్రకృతిసిద్ధం, కొంత మానవ నిర్మితం. దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకువచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ నైరుతి గాలుల నుండి రక్షణ కల్పిస్తుంది. కొండ వెనుక మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసేచోట ఉన్న ఉప్పునీటి చిత్తడి నేలను తవ్వి లోపలి రేవును నిర్మించారు. 1933 అక్టోబర్ 7న ‘జలదుర్గ’ అనే ఓడ ఇందులో ప్రవేశించింది. డిసెంబర్ 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. రాయపూర్ రైలుమార్గం ద్వారా వచ్చే మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమే తొలినాటి ప్రధాన ఎగుమతి.

అయితే తీరం వెంబడి ఉత్తర దిశగా సాగే ఇసుక ప్రవాహానికి రేవు ముఖద్వారం అడ్డుపడింది. దానిని నిలువరించేందుకు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపారు. ద్వారానికి దక్షిణాన చేరే ఇసుకను తవ్వి ఉత్తరాన ఉన్న నగర తీరానికి చేర్చవలసిన అవసరం నేటికీ తీరలేదు. చేరవలసిన ఇసుక తగ్గినప్పుడు కోతకు గురయ్యేది నగర తీరమే. తెప్పలు, పడవలు నిలుపుకోవడానికీ, వలలు ఆరబెట్టుకోవడానికీ జాలరులకు ఆధారమైనది కూడా ఆ ఇసుక తీరమే.

ఉక్కు కర్మాగారం చరిత్ర ఇందుకు భిన్నమైనది. రేవు వలస పాలకుల వాణిజ్య నిర్ణయం కాగా, ఉక్కు ప్రజా ఉద్యమ ఫలం. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంతో 1966లో సాగిన ఆందోళనలో 32 మంది ప్రాణాలర్పించినట్లు ప్రసిద్ధి. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు.

ఈ కర్మాగారం కోసం 64 గ్రామాల నుండి సుమారు 22 వేల ఎకరాలు సేకరించారు. పొలాలూ తోటలూ పోగొట్టుకున్నవారు పెదగంట్యాడ, అగనంపూడి, వడ్లపూడి నిర్వాసిత కాలనీలకు చేరారు. వారికిచ్చిన పునరావాస పత్రాన్ని ‘ఆర్ కార్డు’ అంటారు. పంటకాలాన్ని బట్టి సాగిన బతుకులు షిఫ్టు వేళలను బట్టి సాగసాగాయి. ఉక్కునగరం వెలసింది, గాజువాక గ్రామం పట్టణమైంది. కార్డు ఉన్నా ఉద్యోగం రాని కుటుంబాలకు మాత్రం ఆ పత్రం తరం మారినా తీరని బాకీగా మిగిలింది.

సొంత ఇనుప గనులు లేకపోవడం ఈ కర్మాగారానికి తొలినుండీ భారమే. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలపగా, పాత నినాదం మళ్లీ వీధులకెక్కింది. నాడు ఆ నినాదంలోని ‘హక్కు’ కర్మాగార స్థాపనకు సంబంధించినది; నేడు అది యాజమాన్యానికీ, ఉపాధికీ, ఇచ్చిన భూమికీ సంబంధించినది. ప్రజాప్రయోజనం పేరిట సేకరించిన నేల చేతులు మారితే, ఆ ప్రయోజనాన్ని నమ్మి ఊళ్లు విడిచినవారికి ఎవరు జవాబుదారీ? ఆర్ కార్డులు ఈ ప్రశ్నకు సజీవ చారిత్రక ఆధారాలు.