చలికాలం వైరస్‌లు వస్తే మళ్లీ ఆంక్షలు పెట్టాలా? ఏన్కూరు లాంటి అటవీ సరిహద్దు మండలాలకు ఏది పనికొస్తుంది? పూర్తి వివరాలు

చలి ముదిరిందంటే చాలు.. పీహెచ్‌సీల ముందు దగ్గు, జలుబు, జ్వరాల క్యూ పెరుగుతుంది. టీవీలో, వాట్సాప్‌లో ఏదో ఒక కొత్త వైరస్ పేరు వినిపిస్తుంది. వెంటనే అందరి నోటా ఒకటే మాట.. మళ్లీ లాక్‌డౌన్ పెడతారా? బడులు మూసేస్తారా? మాస్క్ లేకుంటే ఫైన్ వేస్తారా?

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల సరిహద్దులో, అడవిని ఆనుకుని ఉన్న ఏన్కూరు ప్రాంతంలో ఈ ప్రశ్నకు బరువు ఇంకా ఎక్కువ. ఎందుకంటే శ్వాసకోశ వైరస్‌లు బాగా తిరిగే జనవరి నుంచి మార్చి వరకు నెలలే ఇక్కడ మిర్చి కోతల సీజన్. ఊళ్లో కూలీలకు ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లజూసే రోజులు అవే. పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కోత కూలీలు ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాలకు వస్తారు. మరి అలాంటి టైంలో ఆంక్షలు పెడితే ఏమవుతుంది? పెట్టకపోతే ఏమవుతుంది? 2020 నుంచి 2022 వరకు జరిగింది చూస్తే చాలా వరకు సమాధానం దొరుకుతుంది.

చలికాలంలో వచ్చే వైరస్‌లు ఏంటి?

ప్రధానంగా ఫ్లూ (ఇన్‌ఫ్లుయెంజా), ఆర్‌ఎస్‌వీ, హెచ్‌ఎంపీవీ, కరోనా. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. ఒకటి జనవరి-మార్చి మధ్య, రెండోది వానాకాలం చివర్లో. అంటే చలికాలం ఒక్కటే కాదు.. డెంగీ, మలేరియా తిరిగే రోజుల్లోనూ ఫ్లూ ఉంటుంది. ఏజెన్సీ మండలాల్లో జ్వరం వచ్చిన ప్రతిసారీ "ఇది జలుబు జ్వరమేలే" అని వదిలేయకూడదని చెప్పేది అందుకే.

2015 జనవరిలో తెలంగాణను స్వైన్ ఫ్లూ కుదిపేసింది. రాజకీయంగానూ పెద్ద దుమారం రేగింది. అప్పటి ఉప ముఖ్యమంత్రి, వైద్యారోగ్య శాఖ మంత్రి తాటికొండ రాజయ్యను జనవరి 25న పదవి నుంచి తప్పించారు. అయినా రాష్ట్రంలో లాక్‌డౌన్ అన్న మాటే రాలేదు. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ వార్తలు వచ్చినప్పుడూ అంతే. అది కొత్త వైరస్ కాదు, 2001లోనే గుర్తించినదని కేంద్రం చెప్పింది. తెలంగాణ వైద్యారోగ్య శాఖ జాగ్రత్తలతో ఒక అడ్వైజరీ ఇచ్చి ఊరుకుంది. సరిపోయింది కూడా.

ఆంక్షలు పెట్టే అధికారం ఎవరికి ఉంది?

మూడు చట్టాలు ఉన్నాయి. మొదటిది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు ప్రబలినప్పుడు బ్రిటిష్ వాళ్లు తెచ్చింది. 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం దీని కిందే కోవిడ్ నిబంధనలు ఇచ్చింది. రెండోది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. దేశవ్యాప్త లాక్‌డౌన్, మాస్క్ లేకుంటే వేసిన రూ.1,000 జరిమానా దీని కిందివే. మూడోది పాత 144 సెక్షన్. 2024 జులై 1 నుంచి అది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 163 అయింది.

విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం ఇచ్చిన కోవిడ్ ఆంక్షల ఆదేశాలు 2022 మార్చి 31తో ముగిశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అంతర్జాతీయ ఎమర్జెన్సీని ఎత్తేసింది. కాబట్టి మళ్లీ ఆంక్షలు పెట్టాలంటే కొత్తగా ఉత్తర్వు రావాల్సిందే. వాట్సాప్‌లో తిరిగే పాత జీవో కాపీ చూసి హడావుడి పడాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక లోటు ఉంది. 1897 చట్టంలో "ప్రమాదకర అంటువ్యాధి" అంటే ఏంటో నిర్వచనం లేదు. ఆంక్షల వల్ల కూలి పోయిన వాళ్లకు పరిహారం ఇవ్వాలన్న మాట కూడా లేదు. ఈ చట్టాన్ని సమూలంగా మార్చాలని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో తన 286వ నివేదికలో సిఫారసు చేసింది.

ఒకే రోడ్డు.. రెండు రూల్స్

ఏన్కూరు వాళ్లకు బాగా గుర్తుండే ఉదంతం 2021 జూన్‌ది. సెకండ్ వేవ్‌లో తెలంగాణలో మే 12న లాక్‌డౌన్ మొదలైంది. మొదట ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు. మే 31 నుంచి మధ్యాహ్నం 1 గంట దాకా. జూన్ 10 నుంచి సాయంత్రం 5 గంటల దాకా పెంచారు. కానీ కేసులు తగ్గని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల్లో మాత్రం పాత టైమింగ్సే కొనసాగించారు. అందులో ఖమ్మం జిల్లావి రెండు.. సత్తుపల్లి, మధిర.

ఏన్కూరు మండలం వైరా నియోజకవర్గంలో ఉంది. పక్కనే ఉన్న తల్లాడ మండలం సత్తుపల్లి కిందికి వస్తుంది. కొత్తగూడెం నుంచి జూలూరుపాడు, ఏన్కూరు మీదుగా వచ్చే రోడ్డు తల్లాడలోనే కలుస్తుంది. అంటే అదే రోడ్డు మీద ఏన్కూరులో సాయంత్రం వరకు షాపులు తెరుచుకోవచ్చు.. తల్లాడ దాటితే మధ్యాహ్నానికే షట్టర్ దించాలి. జూన్ 20న లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేసే వరకు ఇదే పరిస్థితి.

దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. రాష్ట్రమంతా మూసేయకుండా కేసులు ఉన్న చోటే కట్టడి చేయడం మంచి ఆలోచనే. కానీ నియోజకవర్గం అనేది ఓట్ల లెక్క కోసం గీసిన గీత. జనం సంతకు, ఎరువుల షాపుకు, ఆసుపత్రికి తిరిగే దారి వేరు. వైరస్ పోయేది ఆ దారి వెంటే. మళ్లీ ఎప్పుడైనా స్థానిక ఆంక్షలు అవసరమైతే మండలాల రాకపోకలు చూసి గీత గీయాలన్నది 2021 చెప్పిన మొదటి పాఠం.

ఆంక్షలు కావాలనే వాళ్లు ఏమంటారు?

వాళ్ల వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. మాస్కులు, దూరం, ప్రయాణాలపై నిషేధం ఉన్న 2020-21లో ప్రపంచవ్యాప్తంగా ఫ్లూ దాదాపు కనిపించకుండా పోయింది. ఫ్లూలో బీ/యమగటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణ కాలేదు. కాబట్టి జనం ఒకరికొకరు దూరంగా ఉంటే శ్వాసకోశ వైరస్‌లు తగ్గుతాయన్నది నిజమే.

రెండో వాదన బెడ్లది. ఊపిరి ఆడని పరిస్థితి వస్తే ఏన్కూరు నుంచి ఖమ్మం గానీ కొత్తగూడెం గానీ పోవాల్సిందే. అడవి లోపలి గూడేలు, తండాల వాళ్లకు మెయిన్ రోడ్డు ఎక్కడమే ఒక పని. ఒకేసారి ఎక్కువ మంది జబ్బు పడితే ముందు ఇబ్బంది పడేది ఈ ఊళ్లే. మందు లేదు, టీకా లేదు, జబ్బు ఎలాంటిదో కూడా తెలియదు అన్న 2020 మార్చి లాంటి పరిస్థితి వస్తే కొద్ది రోజులు ఆపి టైం సంపాదించడం తప్పనిసరి కావచ్చు.

మరి నష్టం ఎవరికి?

*కూలీలకు:* 2020 లాక్‌డౌన్‌లో వ్యవసాయ పనులకు కేంద్రం మార్చి 27న మినహాయింపు ఇచ్చింది. కానీ బస్సుల్లేవు. ములుగు జిల్లా మిర్చి తోటల్లో పనికొచ్చిన ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ల బాలిక తోటి కూలీలతో కలిసి ఏప్రిల్ 15న కాలినడకన ఇంటికి బయల్దేరింది. మూడు రోజులు అడవి దారుల్లో నడిచి, 18న ఇంటికి దగ్గర్లోకి వచ్చి ప్రాణం వదిలింది. తర్వాత చేసిన పరీక్షలో కరోనా నెగెటివ్ అని తేలింది. వైరస్ సోకకుండానే వైరస్ ఆంక్షలకు బలైన ప్రాణం అది.

సాయం అందలేదని కాదు. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి రూ.1,500 ఇచ్చింది. వలస కూలీలకు 12 కిలోల బియ్యం, రూ.500 ప్రకటించింది. అయితే కోతల సీజన్‌లో పోయిన పనిరోజులకు అది సరితూగదు.

*పిల్లలకు:* 2020 మార్చిలో మూసిన ప్రైమరీ బడులు 2021 సెప్టెంబర్ 1న గానీ తెరుచుకోలేదు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చాక సంక్రాంతి సెలవులను నెలాఖరు దాకా పొడిగించారు. ఫలితం అసర్ 2022 సర్వేలో బయటపడింది. రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు తెలంగాణలో 2018లో 18.1 శాతం ఉంటే, 2022లో 5.2 శాతానికి పడిపోయారు. ఫోన్, సిగ్నల్ రెండూ అంతంతమాత్రంగా ఉన్న అటవీ గ్రామాల్లో ఆన్‌లైన్ క్లాస్ అన్నది పేరుకే.

*చిన్న ఇళ్ల వాళ్లకు:* "ఇంట్లోనే వేరే గదిలో ఉండండి" అన్నారు. ఉన్నదే ఒక్క గది అయితే? నల్లగొండ జిల్లా అడవిదేవులపల్లి మండలం కొత్తనందికొండలో 2021 మేలో పాజిటివ్ వచ్చిన ఒక విద్యార్థి, ఇంట్లో వాళ్లకు అంటకూడదని చెట్టు మీద మంచం కట్టుకుని 11 రోజులు గడిపాడు. రూల్ పాటించాలన్న మనసు ఉన్నా చోటు లేదు. ఏన్కూరు చుట్టుపక్కల తండాలకూ, గూడేలకూ ఇది కొత్త కథ కాదు.

లాక్‌డౌన్ కాకుండా ఏం పనిచేసింది?

*ఫీవర్ సర్వే:* 2022 జనవరి 21న ఒమిక్రాన్ వేవ్ మధ్యలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే మొదలైంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు గడప గడపకూ వెళ్లి లక్షణాలున్న వాళ్లకు అక్కడికక్కడే మందుల కిట్ ఇచ్చారు. ఎవరి పనీ ఆగలేదు. ఆసుపత్రికి రాలేని ముసలివాళ్లకు ఇల్లు కదలకుండానే మందు అందింది. అటవీ మండలాలకు అచ్చంగా సరిపోయే పద్ధతి ఇది.

*గురుకులాలు:* 2021 నవంబర్‌లో వైరాలోని బాలికల గురుకులంలో పాతిక మందికి పైగా విద్యార్థినులకు కరోనా పాజిటివ్ వచ్చింది. తల్లిదండ్రులు కంగారుగా వచ్చి పిల్లలను ఇళ్లకు తీసుకెళ్లారు. అలా వెళ్తే వైరస్ కూడా పిల్లలతో పాటే ఊళ్లకు వెళ్లే ప్రమాదం ఉంది. జిల్లా అంతా బడులు మూయడం కంటే, ప్రతి హాస్టల్‌లో జ్వరం వచ్చిన పిల్లలకు వేరే గది, అక్కడే పరీక్ష, తల్లిదండ్రులకు రోజూ ఫోన్ ఉంటే కంగారు, వ్యాప్తి రెండూ తగ్గుతాయి.

*ఆసుపత్రుల్లో మాస్క్:* స్పెయిన్ 2024 జనవరిలో ఫ్లూ, కోవిడ్ పెరిగినప్పుడు దేశమంతా కాకుండా ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాల్లో మాత్రమే మాస్క్ తప్పనిసరి చేసింది. జబ్బున్న వాళ్లు, బలహీనంగా ఉన్న వాళ్లు ఒకేచోట కూర్చునేది అక్కడే కదా. పీహెచ్‌సీ గేటు దగ్గర ఉచితంగా మాస్క్ ఇచ్చి పెట్టుకోమంటే చాలు. రోజు కూలీని మించిన ఫైన్ వేయాల్సిన పనే లేదు.

ముందే రాసి పెట్టుకోవాల్సినవి

మామూలు చలికాలం వేవ్‌కు లాక్‌డౌన్, బడుల మూత అవసరం లేదన్నదే ఈ అనుభవాల సారం. అయితే అసలు ఆంక్షలే వద్దనడం కూడా సరికాదు. అంతుచిక్కని కొత్త వైరస్ వస్తే అవి కావాలి. అందుకే అవి వచ్చే ముందే ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండాలి.

1. ఏ స్థాయి దాటితే ఆంక్షలు? కేసుల లెక్క కాకుండా ఆక్సిజన్ బెడ్లు ఎంత నిండాయన్నది చూడాలి.
2. ఎక్కడ? రాకపోకలను బట్టి మండలాల గుంపుగా.
3. ఎప్పుడు ముగుస్తాయి? తేదీ లేని ఆంక్ష ఉండకూడదు.
4. కూలి పోయిన వాళ్లకు ఏం ఇస్తారు? బయటి కూలీలు ఇంటికెళ్లడానికి బస్సు ఎవరు పెడతారు? అన్నింటికంటే ముందు మూయాల్సింది ఏంటి, చివరిదాకా మూయకూడనిది ఏంటి? బడులు, అంగన్‌వాడీలు, కోతల పనులు ఆ చివరి జాబితాలో ఉండాలి.

మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే

- పిల్లల ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 2 నెలల లోపు పిల్లలకు 60, 2 నుంచి 12 నెలల వాళ్లకు 50, 1 నుంచి 5 ఏళ్ల వాళ్లకు 40, లేదా అంతకు మించితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా 108కి ఫోన్ చేయండి.
- పెద్దవాళ్లకు ఆయాసం ఉన్నా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా ఇంట్లో ఉంచొద్దు.
- ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో వేసుకుంటేనే ఎక్కువ ఫలితం. షుగర్, ఆస్తమా ఉన్న వాళ్లు, గర్భిణులు, 60 దాటిన వాళ్లు వెంటనే డాక్టర్‌ను కలవాలి.
- పసిపిల్లలకు న్యుమోనియా నుంచి కాపాడే పీసీవీ టీకా ఆరు వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. తప్పిపోయి ఉంటే ఏఎన్‌ఎంను అడగండి.
- జ్వరం ఉన్న రోజుల్లో కోతకు, సంతకు, బడికి వెళ్లకండి. తప్పనిసరై బయటికి వెళ్తే మాస్క్ గానీ, తువ్వాలు గానీ ముక్కూ నోరూ కప్పేలా కట్టుకోండి.
- ఏజెన్సీ ప్రాంతంలో ఏ జ్వరానికైనా మలేరియా పరీక్ష కూడా చేయించుకోండి.