థానాసిమస్

థానాసిమస్ క్లెరిడే కుటుంబానికి చెందిన పెంకు పురుగుల ప్రజాతి. యూరప్, ఆసియా, ఉత్తర అమెరికాల పైన్, స్ప్రూస్ అడవుల్లో బెరడు తొలిచే పురుగులే దీని ఆహారం. యూరప్‌లో బాగా తెలిసిన థానాసిమస్ ఫార్మికేరియస్ సుమారు 7 నుంచి 10 మిల్లీమీటర్ల పొడవుంటుంది. ఎర్రటి వక్షం, నల్లని రెక్కలపై తెల్లని అడ్డ చారలతో, చురుకైన నడకతో చూపరులకు చీమలా కనబడుతుంది. పెద్ద పురుగు బెరడు మీద వాలిన ఎరను పట్టి తింటుంది. గులాబీ రంగు లార్వా సొరంగాల్లోకి దూరి గుడ్లనూ పిల్లపురుగులనూ తింటుంది.

లినేయస్ 1758లో ఫార్మికేరియస్ జాతిని వర్ణించాడు. 1806లో ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త లాత్రేయ్ ప్రజాతిని ఏర్పరిచాడు.

1890ల ఆరంభంలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా పైన్ అడవులను దక్షిణ పైన్ పురుగు ఎండబెట్టేసింది. అక్కడి వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో పనిచేస్తున్న ఎ.డి. హాప్‌కిన్స్ 1892లో జర్మనీకి వెళ్లి ఫార్మికేరియస్ పురుగులను తెచ్చి వదిలాడు. ఇంతలో ఆ చలికాలపు తీవ్రమైన చలికి పైన్ పురుగులే పెద్దఎత్తున చచ్చిపోయాయి. వచ్చిన అతిథులూ అక్కడ స్థిరపడలేదు. అయినా అటవీ చీడను మరో కీటకంతో అదుపు చేయాలన్న తొలి సాహసాల్లో అది ఒకటి. ఫలితం రాలేదని దాని విలువ తగ్గదు. పైగా అమెరికా అడవుల్లో థానాసిమస్ డూబియస్ అనే స్వదేశీ జాతి అప్పటికే ఇదే పని చేస్తోంది.

ఈ వేటగాడు ఆహారాన్ని ఎలా కనిపెడుతుందో 1970ల నుంచి తేటపడింది. బెరడు పురుగులు తోటివాటిని పిలవడానికి వెదజల్లే ఫెరోమోన్ల వాసనను థానాసిమస్ కూడా పసిగడుతుంది. విందుకు పిలుపు దానికీ అందుతుందన్నమాట! టెక్సాస్ అటవీశాఖ ఈ గుణాన్ని చీడ ముందస్తు అంచనాకు వాడుకుంది. వసంతంలో ఉచ్చులు పెట్టి, పడిన పైన్ పురుగులనూ థానాసిమస్‌లనూ పోల్చి చూస్తారు. పైన్ పురుగుల పాలు ఎక్కువైతే ఆ ఏడు ముప్పు ఉన్నట్టే.

ప్యూపా దశకు ఈ పురుగుకు మందమైన బెరడు కావాలి. స్ప్రూస్ బెరడు పల్చన, పైన్ బెరడు మందం. 1999 డిసెంబర్ తుఫానులకు ఫ్రాన్స్‌లో అడవులు కూలాక జరిపిన పరిశీలనల్లో, పైన్ కలిసిన చోట చీడతో పోలిస్తే థానాసిమస్ ఎక్కువ పాళ్లలో కనబడింది. ఒకే రకం చెట్లు నాటితే చీడకే మేలు. స్ప్రూస్ పెంచేవారు పక్కన పైన్‌కూ చోటివ్వాలి. ఉచ్చుల్లో పొరపాటున పడ్డ థానాసిమస్‌లను ఏరి అడవిలోనే విడిచిపెట్టాలి.